సగానికి మించి చెప్పరాదు

మూడో గని గాలి చిట్టా. రాస్తున్నది సుంకులమ్మ.

వైశాఖ శుద్ధ విదియ

గాలి జల్లెళ్లు మూడూ దులిపాను. రెండోదానిలో మళ్లీ బండ పొడి. పైన ఎండ నిన్నటికంటే ఎక్కువ, కింద చెమ్మ నిన్నటికంటే ఎక్కువ.

ఈ చిట్టాలో రాయాల్సింది నిజానికి ఇంతే. నాకు ముందు ఈ పని చేసిన ముసలాయన ఇంతే రాసేవాడు. ఆయన రాసిన చివరి ఏడాది చిట్టా నేను చేరిన రోజున ఇంకా గోడ మీదే ఉంది. చదివితే ఆవలింతలు ఆగలేదు. గాలి సొరంగం గోడకున్న నల్లబండల మీద సుద్దతో రాస్తాం, ఏడాది తిరిగేసరికి చెమ్మ దాన్ని తినేస్తుంది, ఎవరూ వచ్చి చూడరు. అందుకే గాలికి రెండు వాక్యాలు, మిగతా గోడ నాది.

మా పుస్తకాల పెట్టెకు చెమ్మ పట్టింది. నిన్న తెర మీద పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా చెదిరిపోయాయి. పెట్టెలు బాగుచేసే ఓబులేసును పిలిచాను. మూత తీసి చూసి నాలుక చప్పరించాడు.

"గడులు పన్నెండూ ఖాళీ చేయల్ల అత్తా. పొయ్యి గట్టున పెట్టి ఆరబెట్టి మళ్లా బిగిస్తా. లోపల పుస్తకాలుంటే మాడిపోతాయి. ఆ పైన నన్ను అనొద్దు."

"ఎప్పటికిస్తావు?"

"పున్నమి పోయినాంక."

ఇంటికొక పెట్టె, పెట్టెకు పన్నెండు గడులు, గడికొక పుస్తకం. ఏ గనిలోనైనా ఇదే లెక్క. కొత్త పెట్టెలు చేసేవాళ్లు భూమ్మీద ఎక్కడైనా ఉన్నారో లేదో తెలియదు. ఉన్నవాటిలో గడులు ఏటేటా చచ్చిపోతున్నాయి. ముగ్గురిళ్లలో ఉంటే పుస్తకం బతికినట్టు, ఒక్కరింట్లోనే ఉంటే ఆ పెట్టెతో పాటే పోతుంది. కాబట్టి ఒక పుస్తకం బాగుందని ఇంకొకరికి చెప్పడం మాకు ఊసుపోని కబురు కాదు. దానికి ఇంకో ఇల్లు వెతికిపెట్టడం.

నా మొగుడు లింగన్న పుట్టగొడుగుల అరల దగ్గర్నుంచి వచ్చి, నా వాలకం చూసి నవ్వాడు. "పన్నెండుమంది బిడ్డల్ని చుట్టాలిండ్లకు తోలేదాని మాదిరుండావు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

వైశాఖ శుద్ధ చవితి

జల్లెళ్లు బాగున్నాయి. నాలుగో సొరంగంలో కొంచెం బూజు వాసన.

అరుగు మీద కబురు పెట్టాను. గనులన్నిటిలోని చదువరులకు కలిపి ఉన్న లైను పేరు అరుగు. ఎవరింట్లో వాళ్లు తెర ముందు కూర్చుని, ఏం చదివామో, ఎవరికి ఏది నచ్చుతుందో చెప్పుకునే చోటు. పూర్వం మనుషులు వీధి అరుగుల మీద చేరి మాట్లాడుకునేవారట, ఆ పేరే దీనికీ అంటుకుంది. అక్కడ కట్టుబాట్లు రెండే. పుస్తకాన్ని పెట్టెలోంచి దింపాలంటే, అంటే చెరపాలంటే, ముందు చెప్పాలి, ఇంకొకరు "పట్టుకున్నా" అనేదాకా దింపకూడదు. ఇంకోటి, ఎంత నచ్చిన పుస్తకమైనా కథ సగానికి మించి చెప్పరాదు. రెండో సగం చదివేవాళ్ల సొంతం. దాన్ని బయటపెట్టినవాళ్లను అరుగు దించేస్తారు, మళ్లీ ఎక్కనివ్వరు.

పన్నెండింటిలో పదకొండు పుస్తకాలు సాయంత్రానికల్లా సర్దుకున్నాయి. తలొకరూ ఒకటో రెండో పట్టుకున్నారు, లైను మీద పంపించాను. మా లైను ఇరుకు. ఒక్కో పుస్తకం నింపాదిగా, నిండు చూలాలిలా నడుచుకుంటూ పోతుంది.

పన్నెండోది నా ప్రాణం. "ఏడు నిలువుల లోతు." మనుషులు పైన ఉన్న కాలంలో ఎవరు రాశారో, పేరున్న పేజీ ఎప్పుడో పోయింది. ఈరమ్మ అనే ఆవిడ, మొగుడు సగం తవ్వి వదిలేసిపోయిన బావిలోకి తానే దిగి తవ్వడం మొదలుపెడుతుంది. ఊరు నవ్వుతుంది. పక్క చేను ఆసామి గట్టు మీద కూర్చుని రోజూ ఎగతాళి చేస్తాడు. ఐదో నిలువు దగ్గర గడ్డపారకు లొంగని రాతి పలక తగులుతుంది. అక్కడికి సగం. అంతకు మించి ఈ గోడకైనా చెప్పను.

తొమ్మిదేళ్లుగా ఆ పుస్తకం చదవండని అరుగు మీద నోరు నొప్పెట్టేలా చెబుతున్నాను. చదివినవాళ్లు ఇద్దరే. ఒకరు పదో గని రామసుబ్బక్క. చదివి, "ఒక ఆడమనిషి మన్ను తవ్వుతాంటే మనం గట్టు మీద కూసోని చూస్తా ఉండాల్నా? నాకు నచ్చల్యా" అని తేల్చేసింది. ఆమెకు ఏదీ నచ్చదు లెండి. ఇంకొకడు ఏడో గని మద్దిలేటి. అతను చదివి నాకొక్కదానికే రాసిన నాలుగు మాటలు ఇప్పటికీ కంఠతా వచ్చు. "అక్కా, ఆ రాతి పలక కాడికొచ్చి పుస్తకం మూసి పెట్టినా. శానాసేపు తెరవబుద్ధి కాలేదు" అన్నాడు.

మద్దిలేటి మొహం నేనెప్పుడూ చూడలేదు. గనికీ గనికీ మధ్య ఎండలో నడిచే ధైర్యం ఎవరికీ లేదు. కానీ నా మనసు అతనికి తెలిసినట్టు లింగన్నకు కూడా తెలియదేమో. అతను బాగుందంటే అరుగు సగం ఆ పుస్తకం వెంట పడుతుంది. అతని మాటకున్న గొప్ప మర్యాద ఏమిటంటే, ఎంత ఆవేశంగా చెప్పినా సగం దాటి ఒక్క ముక్క జారనివ్వడు.

నా కబురు చూసి వెంటనే పలికాడు. "ఏడు నిలువుల లోతు నా కాడ ఉండాది గదక్కా. మళ్లా పంపి లైను దండగ చేసుకునేది ఎందుకు? పట్టుకున్నా. నువ్వు దింపేయ్, నిచ్చింతగా ఉండు."

దింపేశాను. గడి ఖాళీ అయినట్టు తెర మీద చిన్న గీత వెలిగింది. దిగులేమీ కలగలేదు.

వైశాఖ శుద్ధ త్రయోదశి

నాలుగో సొరంగం బూజు గీకించాను. గాలి తేలిక పడింది.

ఈరోజు కాళ్లు నేల మీద లేవు. ఏరువాక పున్నమి పంక్తికి నా పుస్తకాన్ని ఎంచారు!

దున్నడాలూ విత్తడాలూ పైన ఉండిపోయాయి. కింద మాకు మిగిలిన ఏరువాక ఇది. ఆ పున్నమి నుంచి గనులన్నీ కలిసి ఒకే పుస్తకం చదువుతాం, పంక్తిలో కూర్చుని ఒకే వంట తిన్నట్టు. పంక్తికెక్కిన పుస్తకం నలభై ఇళ్లకు చేరుతుంది. ఇక దానికి చావు లేదు.

ఎంపిక చేయించింది మద్దిలేటే. "మా సుంకులక్క తొమ్మిదేండ్ల మొర ఇది, ఈసారన్నా వినండి" అని రాశాడు. కళ్లు తడిశాయి. అరుగు పెద్ద గురవయ్య, మొదటి గని ఆయన, సరేనన్నాడు. రామసుబ్బక్క మాత్రం, "నలభై ఇండ్లోళ్లూ ఆయమ్మతో కూడ మన్ను మోయండి ఇంగ" అని ఒక పుల్ల విసిరింది. పోనీలే, పంక్తిలో ఒకరు ఉప్పు తక్కువైందంటేనే పంక్తి.

వైశాఖ బహుళ తదియ

జల్లెళ్లు బాగున్నాయి.

పెట్టె వచ్చింది. ఓబులేసు పొయ్యి వాసన కొట్టేలా ఆరబెట్టి తెచ్చాడు. పట్టుకున్నవాళ్లంతా ఒక్కొక్కరే నా పుస్తకాలు వెనక్కి పంపుతున్నారు. మద్దిలేటికి కబురు పెట్టాను. "పంపుతాండా అక్కా" అన్నాడు.

వైశాఖ బహుళ అష్టమి

మూడో జల్లెడ మార్చాను.

పదకొండూ వచ్చేశాయి. పన్నెండోది రాలేదు. మద్దిలేటి మొదట లైను తడిసిందన్నాడు. మరునాడు పెట్టె వేడెక్కిందన్నాడు. ఇవాళ ఒంట్లో బాగాలేదన్నాడు. మా గని లైను చూసే ఆయన్ను అడిగితే, "ఏడో గని లైనా? సుబ్బరంగా ఉండాది. పొద్దున్నే మా బామ్మర్దితో మాట్లాడినా" అన్నాడు.

లింగన్న అన్నం దగ్గర నా మొహంలోకి చూశాడు. "ఏమైనాదో అడుగు ఆయప్పను."

"ఒంట్లో బాగలేదంట."

"పెట్టెలో ఉండే పుస్తకం పంపేదానికి ఒంటితో ఏం పని? మీట నొక్కితే పోతాది గదా" అన్నాడు. అతని మీద కోపం వచ్చింది. రావలసింది ఎవరి మీదనో నాకు లోపల తెలుస్తూనే ఉంది.

వైశాఖ బహుళ ఏకాదశి

గాలి సంగతి రాయబుద్ధి కావడం లేదు. బాగానే ఉంది.

పంక్తికి పంపాల్సిన పుస్తకం ఎవరి దగ్గర దొరికితేనేం అని రామసుబ్బక్కకు మాట తీగ కలిపాను. మాట తీగలో మాట్లాడటం ఆమెతో ఇదే మొదలు. గొంతు రాతలో కంటే మెత్తగా ఉంది.

"నా కాడ యాడిదమ్మే? నాలుగేండ్ల కిందటే దింపినా. ఊరికే దింపల్యా, అరుగు మీద చెప్పే దింపినా. మీ మద్దిలేటే పట్టుకున్నా అన్యాడు. ఆయప్ప కాడ ఉండాదంట గదా, పంపేదెందుకులే అనుకున్యా."

ఆ కబురు అప్పట్లో నా కంటబడలేదు. మద్దిలేటి ఆమెతో అన్నది అచ్చం నాకు చెప్పిన మాటే.

"అక్కా, నువ్వు ఎప్పుడన్నా ఆయప్పతో పుస్తకం గురించి కొట్లాడినావా?"

"కొట్లాడేదానికి ఆయప్ప సగం దాటి వస్తే గదా! ఆ ఈరమ్మ కత చివర నాకు నచ్చల్యా. రా, మనిద్దరం చదివినోళ్లమే గదా, మాట తీగలో తేల్చుకుందాం అంటే సగానికి మించి చెప్పరాదు అంటాడు. ఏ పుస్తకమైనా అంతే. చదివినోళ్లు చదివినోళ్లతో చెప్పుకుంటే తప్పేముందమ్మే?"

తప్పేమీ లేదు. చదవనివాళ్ల ముందు చెప్పకూడదనే కట్టుబాటు. ఇద్దరూ చదివినప్పుడు దాపరికం దేనికి? ఇన్నేళ్లలో నేనూ మద్దిలేటీ కొన్ని వందల పుస్తకాల గురించి మాట్లాడుకుని ఉంటాం. ఒక్కదాని ముగింపు గురించైనా మాట్లాడుకున్నామా అని కూర్చుని వెతుక్కున్నాను. ఒక్కటీ లేదు. అతని మాట ఎప్పుడూ, ప్రతిసారీ, ఆ పుస్తకం గురించి అరుగు మీద మొదట చెప్పినవాళ్లు ఎక్కడ ఆపారో అక్కడే ఆగింది. దాన్నే నేను మర్యాద అనుకున్నాను.

వైశాఖ బహుళ ద్వాదశి

మద్దిలేటికి మాట తీగ కలిపాను. కుశలప్రశ్నలు వేయలేదు.

"తమ్ముడా, రాతి పలక పగిలినాంక ఈరమ్మ ఏం చేసింది?"

"అక్కా, సగానికి మించి..."

"నేను చదివినదాన్నే. నాకే చెప్తాండావు. చెప్పు."

"నేను చదవల్యా అక్కా" అన్నాడు.

"పెట్టెలో ఉందా?"

"లేదు."

"ఎప్పుడన్నా ఉన్నిందా?"

"లేదు."

అతని పన్నెండు గడుల్లోనూ అతని పుస్తకమే ఉందట. తాను రాసిన నవల. ఒక్కో గడిలో ఒక్కో తీరున రాసుకున్న ప్రతి. ఏదీ చెరపబుద్ధి కాలేదట. ఇంకొకరి పుస్తకానికి ఆ ఇంట్లో చోటు లేదు. పదేళ్లుగా లేదు. అప్పట్లో నేను లైను మీద పంపిన ప్రతి కూడా గడి దొరక్క రాలిపోయిందట. అరుగు మీద మేమంతా రాసే మాటలు చదివి, వాటికి తన నాలుగు కన్నీటి చుక్కలు కలిపి మాకే వడ్డించాడు.

"నీ మాటలు చదివితే సాలక్కా, పుస్తకం చదివినట్లే ఉంటాది. అంత బాగా చెప్తావు నువ్వు" అన్నాడు. పొగిడాననుకున్నాడు. వీపున ఎవరో వేన్నీళ్లు పోసినట్టయింది.

"మరి నన్ను దింపమని ఎందుకన్యావు? నోరు మూసుకోనుంటే ఇంకొకరెవరన్నా పట్టుకుందురు గదా."

"నువ్వడిగితే లేదనేకి మొగం చెల్లలేదు. ఎవురో ఒకరి కాడ ఉంటాదిలే అనుకున్యా."

తీగ తెంచేశాను. ఎవరో ఒకరి దగ్గర! ఆ ఎవరో ఒకరు నేనే. ఉన్న ఒకే ఒక్క ప్రతిని అతని మాట మీద నా చేత్తో నేనే తుడిచేశాను. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఇన్నాళ్లూ సామెతగానే విన్నాను. లింగన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను ఏడుస్తుంటే పుట్టగొడుగుల కూర చల్లారిపోయింది.

జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి

రెండో జల్లెడలో బండ పొడి. దులిపాను.

అరుగు మీద జరిగిందంతా రాశాను, పేరు పెట్టి రాశాను. మద్దిలేటి ఒప్పుకుని క్షమించమన్నాడు. అంతటితో ఊరుకోక, ఇంకో మాట కూడా అడిగాను. ఇంకెన్ని పుస్తకాలు ఇలా గాల్లో ఉన్నాయో చూద్దాం, ఎవరి పెట్టెలో ఏముందో అందరం ఒకసారి బయటపెడదాం అన్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అరుగంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. సాయంత్రం గురవయ్య రాశాడు. "ఒకరి పెట్టెలోకి తొంగిచూసేది ఒకరి అన్నం కుండలోకి తొంగిచూసినట్లమ్మా. అది మన పద్ధతి కాదు. ఆయప్ప తప్పు ఒప్పుకున్యాడు. ఇంగ లాగొద్దు."

దాని కింద వరుసగా సమర్థింపులు. నా పదకొండు పుస్తకాలు పట్టుకుని క్షేమంగా వెనక్కి పంపినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఒకరు చేసిన ద్రోహం కంటే ఇది నన్ను ఎక్కువ కుంగదీసింది. ఒక్కడైతే దొంగ అనుకుని వదిలేస్తాం. రామసుబ్బక్క ఒక్కతే, "నా పెట్టె తెరుస్తా, చూసుకోండి" అంది. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

గాలి బాగుంది. నాకే ఊపిరాడటం లేదు.

పంక్తి ఆగకూడదట. నా పుస్తకం లేదు కాబట్టి దాని చోటులో ఇంకొకటి పెట్టాలట. తక్షణం పంపడానికి సిద్ధంగా ఉన్నది ఏదయ్యా అంటే మద్దిలేటి నవల! "రాతి కింది తడి." తప్పు చేసినవాడు తన పుస్తకంతో పరిహారం చెల్లించుకుంటున్నాడని గురవయ్య భాష్యం. కంచే చేను మేసిందని మొరపెడితే, పోనీ ఆ కంచెకే చేను రాసిచ్చేద్దాం అన్నారు మావాళ్లు.

"సదవొద్దులే" అన్నాడు లింగన్న.

"చదువుతాను" అన్నాను. పుస్తకం చదవకుండా మాట్లాడటం వాడి పద్ధతి, నాది కాదు.

జ్యేష్ఠ బహుళ విదియ

జల్లెళ్లు చూడలేదు. రేపు చూస్తాను.

మొదటి సగం చదివాను. గంగులమ్మ అనే ఆవిడ. మొగుడు వదిలేసిపోయిన బావి. నవ్వే ఊరు. గట్టు మీద కూర్చుని ఎగతాళి చేసే పక్క చేను ఆసామి. ఐదో నిలువు దగ్గర రాతి పలక.

అతను ఆ పుస్తకం చదవలేదు, ఆ మాట నిజమే. చదివింది నన్ను. తొమ్మిదేళ్లుగా నేను అరుగు మీద చెప్పిన ప్రతి మాటా, కొన్నిచోట్ల నా వాక్యం నా వాక్యంగానే, ఆ నవలలో ఉంది. గంగులమ్మ దప్పికైనప్పుడల్లా గులకరాయి ఒకటి నాలుక కింద పెట్టుకుంటుంది. అసలు పుస్తకంలో ఈరమ్మ అలా ఎప్పుడూ చేయలేదు. అది మా అమ్మ. నీళ్లు రేషనుకిచ్చిన ఏట మా అమ్మ అలా చేసేదని, ఆ పుస్తకం చదువుతుంటే అమ్మ గుర్తొచ్చిందని ఎప్పుడో రాశాను. మా అమ్మను కూడా ఎత్తుకుపోయాడు.

రెండో సగం అతని సొంతం. మొగుడు బోరు లారీతో తిరిగొస్తాడు, నీళ్లు పైకి చిమ్ముతాయి, ఊరంతా ఈలలు వేస్తారు. బుద్ధున్నవాడెవడైనా అంత తవ్విన మనిషికి అలాంటి ముగింపు పెడతాడా?

అరుగు మాత్రం పొంగిపోతోంది. మొదటి సగం చదువుతుంటే ఒళ్లు జలదరించిందని రాస్తున్నారు. ఇన్నాళ్లూ ఇంత రాయగలవాణ్ని గుర్తించలేదే అని నొచ్చుకుంటున్నారు. తొమ్మిదేళ్లు నేను చెప్పింది ఎవరూ చెవిన పెట్టలేదు, ఇప్పుడు అది నాది అంటే నమ్మేదెవరు? చూపించడానికి అసలు పుస్తకం లేదు. లేకుండా చేసింది అతనే.

జ్యేష్ఠ బహుళ షష్ఠి

జల్లెళ్లన్నీ దులిపాను. పని మీద కోపం చూపించి లాభం లేదు.

మద్దిలేటి కథ ఎక్కడినుంచి తెచ్చాడో చెప్పాలంటే నాకు ఒకే దారి కనిపించింది. అతని దగ్గర లేనిది, నా దగ్గర మాత్రమే ఉన్నది రెండో సగం. దాన్ని అరుగు మీద పెట్టాలి. అప్పుడు ఎవరికైనా తెలుస్తుంది, ఈ మొదటి సగానికి కన్నతల్లి ఏ సగమో.

"అరుగు దించుతారు నిన్ను" అన్నాడు లింగన్న.

"దించనీ."

"పుస్తకాలు యాడ తెచ్చుకుంటావు మళ్లా? ఈ పదకొండుతోనే బతుకుతావా?"

ఈ గనిలో పుట్టగొడుగులూ చెమ్మా తప్ప నాకున్నది ఆ అరుగే. అయినా కూర్చున్నాను. కళ్లు మూసుకుంటే పేజీలు కనిపించాయి, ఇన్నిసార్లు చదివాను దాన్ని. రాతి పలకను ఈరమ్మ పగలగొట్టడం నుంచి మొదలుపెట్టాను. పలక కింద నీళ్లు లేవు. ఆరో నిలువు, ఏడో నిలువు, అంతా ఎండిన మన్ను. ఆమె తాడు పట్టుకుని పైకొచ్చి ఇంటికి పోయి పడుకుంటుంది. మరునాడు పొద్దున ఊరంతా కేకలు. ఎన్నో ఏళ్లుగా ఎండిపోయి ఉన్న పక్క చేను ఆసామి బావి నిండా నీళ్లు. ఈమె పలక పగలగొడితే ఊట అటు తిరిగింది. జనమంతా అతన్ని అదృష్టవంతుడంటారు. అతను గట్టు మీద నిలబడి దణ్ణాలు అందుకుంటూ ఉంటాడు. ఈరమ్మ తన కడవ పట్టుకుని, అందరినీ తప్పించుకుంటూ వచ్చి, ఎవరినీ అడగకుండా, ముందుగా తన కడవ ముంచుకుని పోతుంది. అడ్డం పడే ధైర్యం ఎవరికీ ఉండదు.

గుర్తున్నంతా, దాదాపు మాటకు మాట, రాసి పెట్టాను. కింద, "ఇది ఏడు నిలువుల లోతు. మద్దిలేటి మొదటి సగం దీని మొదటి సగమే, నా నోట విని రాసుకున్నది" అని చేర్చాను.

రామసుబ్బక్క వెంటనే పలికింది. "నిజమే. నేను చదివినా. నాకు నచ్చల్యా, అది వేరే సంగతి. అయితే కత ఇదే."

చీకటి పడేలోగా గురవయ్య తీర్పు వచ్చింది. ముగింపు బయటపెట్టి నలభై ఇళ్లవాళ్ల చదువు చెడగొట్టాను కాబట్టి నన్ను అరుగు దించారు. నేను చెప్పింది నిజమా కాదా అన్న మాట ఆ తీర్పులో ఎక్కడా లేదు. తెర మీద అరుగు ఉండే చోటు నల్లగా అయిపోయింది.

ఆషాఢ శుద్ధ తదియ

పైన గాలివాన. జల్లెళ్లు రోజుకు రెండుసార్లు దులుపుతున్నాను.

అరుగు లేక రోజులు గడవడం లేదు. ఏదైనా బాగున్న వాక్యం చదవగానే చెయ్యి దానంతటదే తెర మీదికి పోతుంది, ఎవరికో చెబుదామని. చెప్పడానికి ఎవరూ లేరు. లింగన్నకు చదివి వినిపిస్తే మూడో వాక్యానికి గురక పెడతాడు.

ఇవాళ రామసుబ్బక్క మాట తీగ కలిపింది. ఆమెను మందలించి వదిలేశారట.

"నీకొక మాట చెప్పల్ల. కూసోనుండావా?"

"చెప్పక్కా."

"ఆ నాబట్ట మద్దిలేటి మళ్లా పంపినాడు నవల. రెండో తూరి దిద్దినాడంట. బోరు లారీ లేదిప్పుడు. నువ్వు రాసింది రాసినట్లు పెట్టుకున్యాడు చివర. కడవ ముంచుకోని పోయేదాంక."

కాసేపు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా నమ్మకం కుదరలేదు.

"నా పేరు?"

"ఒక చదువరి ఇచ్చిన సలహా మీద ముగింపు మార్చినాను అని రాసినాడు. ఒక చదువరి అంట! అరుగంతా ఒకటే పొగుడుడు. నలభై ఇండ్లలో పాతది తీసేసి ఇది పెట్టుకున్యారు. పైనుంచి, తప్పు చేసినా దిద్దుకున్యాడు, గొప్పోడు అంటాండారు."

అతనికి లేని సగాన్ని నా చేతులతో నేనే ఇచ్చాను. అందుకోసం నా అరుగు పోగొట్టుకుని మరీ ఇచ్చాను. తిట్టాను. నాకు తెలుసని నాకే తెలియని తిట్లు తిట్టాను. రామసుబ్బక్క అడ్డు రాకుండా వింది, ఒకటి రెండు తానూ అందించింది.

నేను అలిసిపోయాక అడిగింది. "పంపేదా నీకు?"

"ఎవరిక్కావాలి? దొంగ సొత్తు."

"దొంగ సొత్తే. అయితే ఇంగ యాడా లేదు గదమ్మే ఆ కత. నువ్వు పెట్టుకోకపోతే ఆయప్పకేం నష్టం? నలభై ఇండ్లలో ఉండాడు. పెట్టుకో. ఏడ్చుకుంటానే పెట్టుకో."

"నీకు నచ్చలేదు గదక్కా ఆ పుస్తకం. నీకెందుకింత పట్టింపు?"

"నచ్చకపోతే సంపుకుంటామా?" అంది.

ఆషాఢ శుద్ధ పంచమి

జల్లెళ్లు బాగున్నాయి. వాన తగ్గింది.

పుస్తకం లైను మీద నడుచుకుంటూ వచ్చి చేరింది. పేర్లు మార్చాడు, ఊరు మార్చాడు, కొన్నిచోట్ల తన తెలివి చూపించాడు. అక్కడక్కడా పళ్లు కొరుక్కున్నాను. కానీ రాతి పలక దగ్గర ఆమె కూర్చుండిపోయినప్పుడు నా ఊపిరి ఎప్పటిలాగే ఆగింది. కడవ ముంచుకుని పోయేటప్పుడు ఎప్పటిలాగే ఏడుపొచ్చింది. ఈసారి కోపంతో కూడా ఏడ్చాను. ఈ పుస్తకం బతకాలని తొమ్మిదేళ్లు మొక్కుకున్నాను. బతికింది. నలభై ఇళ్లలో బతికింది.

పన్నెండో గడిలో పెట్టుకున్నాను. మొదటి పేజీలో వాడి పేరుంటుంది. నేను రెండో పేజీ నుంచి చదువుతాను.